మీ ఫోన్ కన్ను... అంతరిక్షం కోసం పుట్టింది!

ఇది చదువుతున్న ఫోన్‌ని ఒక్కసారి వెనక్కి తిప్పండి. రెండో మూడో కెమెరాలు కనిపిస్తాయి. ఆ గాజు కింద చిటికెనవేలి గోరంత కూడా లేని చిప్ ఒకటి ఉంటుంది. పేరు సీమాస్ సెన్సర్. సెల్ఫీ, రీల్, వీడియో కాల్, టీకొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్... అన్నీ దాని పుణ్యమే. తమాషా ఏంటంటే, దాన్ని తయారుచేసినవాళ్ల బుర్రలో ఫోనూ లేదు, సెల్ఫీ లేదు. వాళ్ల దిగులంతా వేరే గ్రహాలకి పంపే కెమెరాల గురించే. అక్కడికెళ్లిన కెమెరాలకి చూపు మందగిస్తోంది. కారణం రేడియేషన్.

కథ నాసాలో మొదలవుతుంది. కానీ మధ్యలో మా మదనపల్లె పక్కన చదువుకున్న ఓ ఇంజినీరు వస్తారు. చివర్లో కుప్పం సరిహద్దు దాటగానే ఉండే బంగారు గని వస్తుంది. పుంగనూరులో నేనూ మా మేనల్లుడూ అర్ధరాత్రి ఫోన్‌కి నల్ల టేప్ అంటించుకుని మేడ మీద కూర్చున్న సంగతి కూడా చెప్తాను. ముందు టమోటాల దగ్గరికి వెళ్దాం.

క్రేట్లు చేతులు మారితే...

సీమాస్ కంటే ముందు రాజ్యం సీసీడీది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దాన్ని కనిపెట్టారు. 2009లో అందుకే నోబెల్ కూడా వచ్చింది. సిలికాన్ ముక్క మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు ఊడొస్తాయి. ఎక్కువ వెలుగు పడ్డచోట ఎక్కువ, తక్కువ పడ్డచోట తక్కువ. వాటిని లెక్కపెడితే అదే ఫొటో. ఇంతవరకూ సీసీడీకైనా సీమాస్‌కైనా ఒకటే. తేడా అంతా లెక్కపెట్టడంలో ఉంది.

మా మదనపల్లె టమోటా మార్కెట్ ఎప్పుడైనా చూశారా? సీజన్‌లో క్రేట్లు గోడల్లా పేరుకుపోతాయి. ఇప్పుడొకటి ఊహించుకోండి. వెయ్యి మంది వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక క్రేటు. కాటా మాత్రం వరస చివర ఒక్కటే ఉంది. అందరూ ఒకేసారి తమ క్రేటుని పక్కవాడికి అందిస్తారు. చివరి క్రేటు కాటా ఎక్కుతుంది. మళ్లీ అందరూ అందిస్తారు, ఇంకో క్రేటు ఎక్కుతుంది... ఇలా వెయ్యిసార్లు. సీసీడీ చేసేది సరిగ్గా ఇదే. ఒక పిక్సెల్‌లోని ఎలక్ట్రాన్లు పక్క పిక్సెల్‌లోకి, అక్కణ్నుంచి ఆ పక్కదానికి జరుగుతూ మూలనున్న కాటా దాకా నడవాలి.

అందరూ నిజాయితీపరులైతే ఇబ్బంది లేదు. అంతరిక్షంలో మాత్రం ప్రోటాన్లు బుల్లెట్లలా దూసుకొస్తుంటాయి. ఒక ప్రోటాన్ వచ్చి సిలికాన్‌లోని పరమాణువుని దాని చోటు నుంచి నెట్టేస్తే, అక్కడ గుంటలాంటిది పడుతుంది. ఆ గుంట వరసలో నిలబడ్డ చేతివాటం మనిషి లాంటిది. వచ్చిన క్రేటులోంచి ఒక టమోటా తీసి జేబులో వేసుకుంటాడు. కాసేపటికి భయమేసి, వెనకొచ్చే ఇంకెవరిదో క్రేటులో పడేస్తాడు. ముందువాడికి తూకం తగ్గింది. వెనకవాడికి తనది కాని టమోటా వచ్చి పడింది. ఫొటోలో అయితే చుక్కలా ఉండాల్సిన నక్షత్రానికి తోక మొలుస్తుంది.

ఒక్కో చేతిమార్పులో పదివేలకి ఒక టమోటా పోతే ఏముందిలే అనిపిస్తుంది. వెయ్యి చేతులు మారేసరికి వందలో దాదాపు పది మాయం! లక్షకి ఒకటే పోయినా, నాలుగు వేల వరసలున్న చిప్‌లో చివరికి వందకి నాలుగు తగ్గుతాయి. మన ఫొటోకైతే ఫిల్టర్ వేసి సర్దుకుంటాం. నక్షత్రం ఎంత వెలుగుతోందో కొలవడమే పనిగా పెట్టుకున్నవాళ్లకి ఆ నాలుగు చాలా పెద్ద లెక్క.

1989లో గురుగ్రహానికి బయల్దేరిన గెలీలియో నౌకలోని సీసీడీకి 800 వరసలు, వరసకి 800 పిక్సెళ్లు. అంటే ఒక మెగాపిక్సెల్ కూడా లేదు. దాని చుట్టూ వెలుతురు వచ్చే దారి మాత్రం వదిలి, సెంటీమీటరు మందాన టాంటలం అనే బరువైన లోహంతో కవచం కట్టారు. గురుడి చుట్టూ రేడియేషన్ అంత దారుణంగా ఉంటుంది మరి.

కాటానే క్రేటు దగ్గరికి తెచ్చినాయన

1990లో ఎరిక్ ఫోసమ్ అనే శాస్త్రవేత్త కొలంబియా యూనివర్సిటీ వదిలి నాసావారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి వచ్చారు. అందరూ జేపీఎల్ అంటారు. అంతరిక్ష కెమెరాలని చిన్నవి చేయాలి, బరువు తగ్గాలి, కరెంటు తక్కువ తాగాలి. అదీ అక్కడి అవసరం. 1993లో ఆయన రాసిన పేపర్ పేరులోనే సీసీడీలు డైనోసార్లా అని అడిగేశారు. లోపల సీసీడీ మీద ఫిర్యాదుల చిట్టా ఉంటుంది. వాటిలో రేడియేషన్‌కి తట్టుకోలేకపోవడం ఒకటి. ఎలక్ట్రాన్లని అంత దూరం, అన్నిసార్లు, ఒక్కటీ పోకుండా నడిపించాల్సి రావడమే దాని అసలు బలహీనత అన్నది ఆయన వాదన.

క్రేట్లు మోయడం వల్లే కదా తంటా? అయితే మోయొద్దు. ప్రతి క్రేటు పక్కనే ఒక బుల్లి కాటా పెట్టండి. ఉన్నచోటే తూకం వేసి, అంకె మాత్రం బయటికి పంపండి. అంతే! ప్రతి పిక్సెల్‌లోనూ ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉండే ఈ పద్ధతిని యాక్టివ్ పిక్సెల్ అంటారు. నిజానికి ఆలోచన 1960ల నుంచీ ఉంది. కానీ అన్ని ట్రాన్సిస్టర్లు ఒక్క పిక్సెల్‌లో ఇరికించడం అప్పట్లో కుదరలేదు. పైగా తూకంలో గోల ఎక్కువ. ఫోసమ్ బృందం పిక్సెల్ లోపలే ఎలక్ట్రాన్లని ఒకే ఒక్క అడుగు జరిపి కొలిచే కిటుకుతో ఆ గోల తగ్గించింది. ఇంకో లాభం, దీన్ని మామూలు కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీల్లోనే అచ్చేయొచ్చు. 1995లో ఫోసమ్, సహచరులూ కలిసి ఫోటోబిట్ అనే కంపెనీ పెట్టారు. వెబ్‌క్యామ్‌లయ్యాయి, ఆ తర్వాత ఫోన్లు వచ్చి పడ్డాయి. మిగతాది మీ గ్యాలరీలో ఉంది. 2017లో ఇంకో ముగ్గురితో కలిపి ఫోసమ్‌కి ఇంజినీరింగ్‌లో క్వీన్ ఎలిజబెత్ ప్రైజ్ ఇచ్చారు.

అయితే సీమాస్‌కి రేడియేషన్ తగలదా? తగలకేం. మోత లేదు కాబట్టి తోకల బాధ లేదు, కానీ గుంటలు దానికీ పడతాయి. గుంట పడ్డ పిక్సెల్ సరిగ్గా కట్టని కుళాయిలా అవుతుంది. వెలుతురు లేకపోయినా ఎలక్ట్రాన్లు కారుతూనే ఉంటాయి. చీకట్లో ఫొటో తీస్తే అక్కడ ఎర్రగానో నీలంగానో చుక్క వెలుగుతుంది. దాన్నే హాట్ పిక్సెల్ అంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు వాడే మామూలు కెమెరాలకి ఈ చుక్కలు పెరిగిపోతుంటే, కొన్నాళ్లకి వాటిని పక్కనపెట్టి కొత్తవి పంపించాల్సి వస్తుంది.

చంద్రకి తగిలిన దెబ్బ

ఫోసమ్ భయం ఉత్తిది కాదని చెప్పే కథ ఇది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ 1999 జులై 23న అంతరిక్షంలోకి వెళ్లింది. ఎక్స్‌రేల్ని చాలా నిక్కచ్చిగా కొలవాలి కాబట్టి అందులో పెట్టింది సీసీడీలే, పది చిప్పులు. చంద్ర కక్ష్య బాగా సాగదీసిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ రేడియేషన్ వలయాల్లోంచి వెళ్లాలి. కవచాలు బాగానే కట్టారు. అయినా సెప్టెంబరుకల్లా పది చిప్పుల్లో ఎనిమిదింటి కొలతలు దెబ్బతిన్నాయి.

ఎక్కణ్నుంచి వచ్చాయి ఆ ప్రోటాన్లు? ముందు తలుపు నుంచే! ఎక్స్‌రేలని పోగేయడానికి పెట్టిన అద్దాల మీద తక్కువ శక్తి ప్రోటాన్లు కూడా జారి, తిన్నగా చిప్పుల మీదికి చేరాయి. తక్కువ శక్తివే కాబట్టి లోతుకి పోలేక సిలికాన్ పైపొరలో ఆగిపోయాయి. ఆ ఎనిమిది చిప్పుల్లో ఎలక్ట్రాన్లు నడిచే దారి సరిగ్గా ఆ పైపొరలోనే ఉంది. మిగతా రెండు చిప్పులు తిరగేసి అమర్చినవి. వాటి దారి అడుగున ఉంది కాబట్టి బతికిపోయాయి. నాకైతే ఈ కథలో ఇదే ఒళ్లు జలదరించే విషయం. దూరంనుంచి వచ్చే మహా బలశాలి కణం కాదు, కవచం ఉంటే ఆగిపోయే అల్పప్రాణి కొంప ముంచింది.

మందు మాత్రం సింపుల్. వలయాలు వచ్చేముందు కెమెరాని అద్దాల ఎదురు నుంచి పక్కకి జరిపేస్తారు. దాటాక మళ్లీ తెస్తారు. కన్నుమూసి తెరవడమే. పోయిన చూపు పూర్తిగా రాలేదు కానీ, ఆ జాగ్రత్తతోనే చంద్ర పాతికేళ్లు దాటి పనిచేసింది.

కొన్ని గాయాలకి కాపడం కూడా పనిచేస్తుంది. వేడి చేస్తే పక్కకి పోయిన పరమాణువులు కొన్ని సర్దుకుంటాయి. హబుల్ టెలిస్కోపు సీసీడీలు సున్నాకి ఎనభై డిగ్రీల కింద చల్లగా పనిచేస్తాయి. నెలకోసారి వాటిని మన గది వేడికి తెచ్చి, హాట్ పిక్సెళ్లు కొన్ని తగ్గాక మళ్లీ చల్లబరుస్తారు. ఇంతకంటే సినిమా ఫక్కీలో జరిగింది జూనో నౌకలో. గురుడి చుట్టూ తిరుగుతున్న జూనోలోని కెమెరాని ఎనిమిది చుట్లు తట్టుకుంటే చాలనుకుని చేశారు. 34 చుట్లు బాగానే పనిచేసింది. 47వ చుట్టులో బొమ్మలు పాడవడం మొదలైంది. కరెంటుని సరిచేసి ఇచ్చే చిన్న భాగం రేడియేషన్‌కి దెబ్బతిందని అనుమానం. ముందు 25 డిగ్రీల దాకా వేడి చేశారు, కొన్నాళ్లు కుదుటపడింది. మళ్లీ మొత్తం చారలే. అటు 2023 డిసెంబరు 30న గురుడి ఉపగ్రహం అయోకి 1,500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లే రోజు వచ్చేస్తోంది. హీటర్‌ని పూర్తిగా పెంచేశారు. మొదటి కొన్ని రోజులు ఏమీ లేదు. అయో ఇంకొన్ని రోజుల్లో వస్తుందనగా బొమ్మలు తేటబడ్డాయి. అయో అగ్నిపర్వతాల ఫొటోలు శుభ్రంగా వచ్చాయి.

మన దగ్గరా ఈ బెడద కొత్తది కాదు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1లో స్టార్ సెన్సర్లు ఉండేవి. నక్షత్రాల బొమ్మ చూసి నౌక ఎటు తిరిగి ఉందో చెప్పే కెమెరాలవి. 2009లో అవి మూగబోయాయి. మొదట సూర్యుడి రేడియేషన్ అన్నారు, తర్వాత వేడి మాట కూడా వచ్చింది. ఇస్రోవాళ్లు గైరోలతో నెట్టుకొచ్చారు కానీ, రెండేళ్లనుకున్న ప్రయాణం ఆ ఆగస్టుతోనే ముగిసింది. 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్‌ని భూమధ్యరేఖకి దగ్గరగా ఉండే కక్ష్యలో పెట్టారు. దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ కిందికి వాలే చోటు ఒకటుంది, దాని దెబ్బ వీలైనంత తగ్గించడానికి. ఇక 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుణ్ని చూస్తున్న ఆదిత్య-ఎల్1కి భూమి అయస్కాంతపు గొడుగు కూడా లేదు.

రిషివ్యాలీ నుంచి అంగారకుడి దాకా

ఇప్పుడు మా ఊరికొస్తున్నా. మదనపల్లె నుంచి కాస్త దూరం వెళ్తే బండరాళ్ల గుట్టల మధ్య రిషివ్యాలీ స్కూలు వస్తుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన బడి. 1960ల్లో అక్కడ చదివిన ఒకబ్బాయి ఐఐటీ మద్రాసు మీదుగా అమెరికా వెళ్లి, ఫోసమ్ పనిచేసిన ఆ జేపీఎల్‌లోనే చేరాడు. ఆయన జె.బాబ్ బలరామ్. అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ హెలికాప్టర్‌కి చీఫ్ ఇంజినీరు.

దాని బరువు 1.8 కిలోలు. అక్కడి గాలి మన గాలిలో నూరోవంతు. ఇంత తేలికైన దాంట్లో రేడియేషన్‌ని తట్టుకునే బరువైన, ఖరీదైన, నెమ్మదైన అంతరిక్ష చిప్పులు పెట్టడం కుదరదు. అందుకని బలరామ్ బృందం తెగించింది. మెదడుగా పెట్టింది స్నాప్‌డ్రాగన్ 801, అంటే 2014 నాటి ఫోన్లలో ఉన్న చిప్. కలర్ కెమెరాలో సోనీ తయారీ 13 మెగాపిక్సెల్ ఫోన్ సెన్సర్. కింద నేలని చూస్తూ దారి పట్టుకునే నలుపు తెలుపు కెమెరాలోనూ చిన్న సీమాసే. అంతరిక్షం కోసం పుట్టి, ఫోన్లలోకి వచ్చి కోట్ల చేతులు తిరిగిన కన్ను, ఫోన్ విడిభాగంగా మళ్లీ అంతరిక్షానికి వెళ్లిందన్నమాట!

మరి రేడియేషన్ సంగతి? అజమాయిషీకి రేడియేషన్‌ని తట్టుకునే ఒక చిప్ పెట్టారు. కార్ల కోసం చేసిన కంట్రోలర్లు రెండు జంటగా నడుస్తుంటే, ఒకటి తప్పు చేయగానే ఎగురుతుండగానే రెండోదానికి పగ్గాలు మార్చేస్తుంది. అంగారకుడి దగ్గర గురుడంత ఘోరంగా ఉండదన్న లెక్క కూడా ఉంది. 2021 ఏప్రిల్ 19న మొదటిసారి ఎగిరింది. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. ఆరోసారి మాత్రం గుండె ఆగినంత పనైంది. దారి చూపే కెమెరా నుంచి ఒకే ఒక్క ఫొటో జారిపోవడంతో తర్వాతి ఫొటోల టైమ్ అంతా తప్పి, ఉయ్యాలలా ఊగిపోయింది. ఎలాగో అనుకున్నచోటికి ఐదు మీటర్ల లోపే దిగింది. అది రేడియేషన్ పని కాదు. కానీ ఒక్క ఫొటో విలువ ఏంటో అక్కడ తెలుస్తుంది.

మేడ మీద నల్ల టేప్

భూమ్మీద మనకి ఈ గొడవ లేదనుకుంటున్నారా? మన నెత్తిన ఉన్న గాలి బరువు పది మీటర్ల లోతు నీళ్లతో సమానం. అదీ, భూమి అయస్కాంతమూ కలిసి చాలా కణాల్ని ఆపేస్తాయి. అయినా పైన గాలిని ఢీకొన్న కాస్మిక్ కిరణాల నుంచి మ్యూయాన్లు అనే కణాలు పుట్టి కిందిదాకా వస్తాయి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒకటి. మీ అరచేతిలోంచి సెకనుకి ఒకటైనా పోతూనే ఉంటుంది. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి నాలుగైదు నిమిషాలకి ఒకటి అనుకోండి.

దాన్ని పట్టుకుందామనే పుంగనూరులో మా అక్కవాళ్లింటి మేడెక్కాను. కెమెరా మీద నల్ల టేప్ రెండు పొరలు, మీద నల్లగుడ్డ. ప్రో మోడ్, 30 సెకన్ల ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ బాగా పైకి, ఫార్మాట్ రా. ఫోన్‌ని బల్లపరుపుగా పడుకోబెట్టాలి. మామూలు జేపెగ్‌లో తీస్తే ఫోనే అతితెలివితో చుక్కల్ని తుడిచేస్తుంది, జాగ్రత్త.

పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు వచ్చి నిలబడ్డాడు.

“ఏంది మామా, కెమెరాకి టేప్ ఏసి ఫొటో తీస్తాండావు? మతి పోయిందా?”

“కూచోరా చెప్తా.”

తీసిన ఫొటోలు వాడి ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాం. అన్ని ఫొటోల్లోనూ ఒకే చోట వెలిగే చుక్కలు కొన్ని. అవి నా ఫోన్ హాట్ పిక్సెళ్లు. కొన్ని ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, కొన్ని తర్వాత పడతాయి. వాటిని వదిలేసి, ఒక్క ఫొటోలోనే కనిపించి మాయమైన వాటికోసం వెతకాలి. అర్ధరాత్రి దాటాక దొరికింది. నాలుగైదు పిక్సెళ్ల పొడవున చిన్న తిన్నని గీత. మ్యూయాన్ అయ్యుండొచ్చు. పురుగులా వంకర తిరిగినవి మాత్రం ఎక్కువగా ఎలక్ట్రాన్లు. అవి మన చుట్టూ ఉన్న గ్రానైట్ బండల్లోని పొటాషియంలాంటి వాటినుంచి కూడా వస్తాయి. మా వైపు బండలకి కొదవా? అమెరికాలో డెకో, పోలండ్‌లో మొదలైన క్రెడో అనే ప్రాజెక్టులు ఇలా జనం ఫోన్లలో పడ్డ గీతల్నే పోగేసి పరిశోధన చేశాయి.

“ఇది పడి ఫోన్ చెడిపోదు గదా?” అన్నాడు వాడు. వాడి దిగులు వాడిది, ఫోన్ మీద ఇంకా ఈఎంఐ కడుతున్నాడు. చెడిపోదులే, మహా అయితే ఏళ్లకొద్దీ పడితే ఓ చుక్క పెరుగుతుంది అని సర్దిచెప్పాను.

మర్నాడు పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాం, మా చిన్నాన్న ఊరు. కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కితే బిసానత్తం దాటి బంగారుపేట వస్తుంది, అక్కణ్నుంచి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. కేజీఎఫ్ అనగానే వాడికి రాకీ భాయ్ గుర్తొచ్చాడు. ఫిజిక్స్ వాళ్లకి గుర్తొచ్చేది ఇంకొకటి. కాస్మిక్ కిరణాలు నేలలో ఎంత లోతుకి దిగుతాయో కొలవడానికి 1950ల్లో బి.వి.శ్రీకంఠన్ ఆ గనుల్లోకి పరికరాలు దించారు. లోతుకి వెళ్లేకొద్దీ మ్యూయాన్లు తగ్గాయి. తర్వాత ఎస్.మియాకే, వి.ఎస్.నరసింహం, పి.వి.రమణమూర్తి అన్నిటికంటే లోతులో, రెండు వేల ఏడొందల మీటర్ల కింద పెట్టి రెండు నెలలు కాచుకున్నారు. ఒక్క మ్యూయాన్ కూడా పడలేదు.

ఇంకొకరైతే నిరాశపడేవాళ్లు. వాళ్లకి అదే కావలసింది. ఇంత ప్రశాంతంగా ఉండేచోట ఏదైనా కనిపిస్తే అది న్యూట్రినో వల్లే అయ్యుండాలి! టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ వాళ్లు కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు పెట్టి, కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టిన న్యూట్రినోల జాడ 1965లో పట్టుకున్నారు. ప్రపంచంలో అలా మొదటగా పట్టుకున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

ఇదంతా ప్లాట్‌ఫామ్ మీద టీ తాగుతూ చెప్పాను. వాడు తన ఫోన్ తీసి, నా దగ్గర టేప్ అడిగి తీసుకున్నాడు.

“అయితే ఆ గనిలోకి దిగితే ఈ గీతలు పడవు గదా మామా?”

“పడవు. నెలలు కాచుకున్నా పడవు.”

“సరే, రైలుకి ఇంకా ముక్కాలు గంట టైముంది” అని ఫోన్‌ని బెంచీ మీద బోర్లా పెట్టి, మీద నా తువ్వాలు కప్పాడు.